ఆంక్ష, పరిమితి, నిషేధం: ఇంగ్లీషు ఉత్తరంలో ఏ విశేషణం ఎక్కడ?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కాకినాడలో బియ్యం ఎగుమతి చేసే ఒక సంస్థలో, పత్రాల విభాగంలో కొత్తగా చేరారు. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివారు. సరుకు ఆలస్యం గురించి ఐరోపా కొనుగోలుదారుకు రాసిన ఉత్తరంలో 'రెస్ట్రిక్టెడ్ రూల్స్', 'లిమిటింగ్ స్టాక్', 'స్ట్రింజెంట్ ఆఫీసర్' అని వాడితే, మేనేజరు మూడింటి కిందా ఎర్రగీత గీసి, కారణం చెప్పకుండా తిప్పి ఇచ్చారు. చివరి పేరాలో 'కన్‌స్ట్రెయిన్డ్' అనే మాట పెట్టవచ్చా అన్న సందేహమూ ఉంది. నిఘంటువు తీస్తే అన్నిటికీ 'పరిమితమైన', 'కఠినమైన' అనే రెండు అర్థాలే కనిపిస్తున్నాయి. మరి ఏది ఎక్కడ వాడాలో తెలిసేదెలా?

ఒప్పందాల ముసాయిదాలు రాయడం, వాటిని తెలుగులోకి తేవడం నా వృత్తి. ఈ మాటలతో నాకు రోజూ పనే. సూటిగా చెబుతాను: వీటిని పర్యాయపదాల జాబితాగా బట్టీ పట్టడం ఈరోజే మానేయండి. అధికారిక ఇంగ్లీషులో హద్దును చెప్పే విశేషణం ఏదైనా సరే, మూడు సంగతుల్లో కనీసం ఒకటి బయటపెడుతుంది. కట్టడి చేసేది ఏది, కట్టడిలో ఉన్నది ఏది, ఆ కట్టడిని దాటే దారి ఉందా లేదా. రాసే ముందు ఈ మూడూ మనసులో తేల్చుకోండి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా ఈ ప్రశ్నలు వేసుకోకుండా రాసి, ఒప్పందాల్లో లక్షలు పోగొట్టుకోవడం చూశాను. ఇది తెలుగు మాధ్యమం సమస్య అనుకుని చిన్నబుచ్చుకోకండి.

మొదటి ఎర్రగీత, 'రెస్ట్రిక్టెడ్ రూల్స్'. గిత్తను గుంజకు కట్టేశాం అనుకోండి. పలుపుతాడు 'రెస్ట్రిక్టివ్', గిత్త 'రెస్ట్రిక్టెడ్'. చివర 'ఇవ్' లేదా 'ఇంగ్' ఉన్న రూపం కట్టేదానికి చెందుతుంది, 'ఎడ్' ఉన్న రూపం కట్టుబడినదానికి చెందుతుంది. నిబంధనలు ఎగుమతిని కట్టడి చేస్తున్నాయి కాబట్టి నిబంధనలు రెస్ట్రిక్టివ్, ఎగుమతి రెస్ట్రిక్టెడ్. మీరు రాసినట్టు 'రెస్ట్రిక్టెడ్ రూల్స్' అంటే నిబంధనలనే ఎవరో కట్టిపెట్టారన్న అర్థం వస్తుంది. అంటే అవి కొందరికి మాత్రమే చూపించే గోప్యమైన నిబంధనలని. ఇదేదో వ్యాకరణం పట్టుకుని సాగదీయడం కాదు. మన కేంద్ర ప్రభుత్వ పత్రాల గోప్యతలో టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్ తర్వాత నాలుగో మెట్టు పేరు అచ్చంగా 'రెస్ట్రిక్టెడ్'. మీ ఉత్తరం చదివిన విదేశీయుడు, తనకు చూపించకూడని నిబంధనలు ఏవో మీ దగ్గర ఉన్నాయని అనుకునే వీలుంది.

అలాగని వెంటనే 'రెస్ట్రిక్టివ్ రూల్స్' అని దిద్దేయకండి. ఆ మాటలో ఫిర్యాదు ఉంది. నిబంధన పెట్టినవారు దాన్ని రెస్ట్రిక్టివ్ అని పిలుచుకోరు, దానివల్ల ఇబ్బంది పడేవారే అలా పిలుస్తారు. 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టం పేరులోనే 'రెస్ట్రిక్టివ్ ట్రేడ్ ప్రాక్టీసెస్' అని ఉంది. పోటీని తొక్కిపెట్టే వ్యాపార పద్ధతులను తప్పుపట్టడానికి ఆ విశేషణాన్ని ఎంచుకున్నారు. కాబట్టి కస్టమ్స్ కార్యాలయానికి రాసే దరఖాస్తులో వారి నిబంధనలను రెస్ట్రిక్టివ్ అంటే గొడవకు దిగినట్టే. కొనుగోలుదారుకు రాసే ఉత్తరంలో, అతని దేశపు నిబంధనల గురించి అంటే ఆరోపించినట్టే. మీ ఉద్దేశం ఫిర్యాదు కాదు, ఆలస్యానికి కారణం చెప్పడం. అక్కడ సరిపోయే మాట 'స్ట్రింజెంట్'. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

రెండో గీత, 'లిమిటింగ్ స్టాక్'. ఇక్కడా అదే పొరపాటు, కానీ దీనికి కొంత సాకు ఉంది. ఇంటర్లో రసాయన శాస్త్రం చదివి ఉంటే 'లిమిటింగ్ రీఏజెంట్' గుర్తుండాలి. రెండు పదార్థాలు కలిసినప్పుడు ఏది ముందుగా అయిపోయి చర్యను ఆపేస్తుందో, అది లిమిటింగ్. అంటే తక్కువగా ఉన్న వస్తువే మిగతావాటికి హద్దు గీస్తుంది. తక్కువగా ఉన్నది కాబట్టి అది లిమిటెడ్, హద్దు గీస్తోంది కాబట్టి లిమిటింగ్. ఒకే వస్తువు రెండూ కావచ్చు గనుకే గందరగోళం. మీ గోదాములో బియ్యం తక్కువగా ఉన్నాయని చెప్పాలంటే 'లిమిటెడ్ స్టాక్'. బియ్యం దండిగా ఉన్నా కంటైనర్లు దొరక్క ఓడ ఎక్కించలేకపోతే, కంటైనర్లే 'లిమిటింగ్ ఫ్యాక్టర్'. మీ మిగతా ఉత్తరం చూస్తే అసలు కారణం పురుగుమందు అవశేషాల పరీక్ష ఆలస్యం కావడమే అనిపిస్తోంది. అలాగైతే ఆ పరీక్షే లిమిటింగ్ ఫ్యాక్టర్, సరుకు ఊసు అక్కడ అనవసరం.

'లిమిటెడ్' గురించి ఇంకొక్క మాట. మీ ఉత్తరం పైభాగంలో సంస్థ పేరు చివర 'ప్రైవేట్ లిమిటెడ్' అని ఉంటుంది. చిన్న సంస్థ కాబట్టి లిమిటెడ్ అంటారని చాలామంది అనుకుంటారు. అక్కడ హద్దు ఉన్నది వాటాదారుల బాధ్యతకు. పది రూపాయల వాటాకు ఆరు రూపాయలు చెల్లించిన వ్యక్తి, సంస్థ అప్పుల్లో మునిగినా ఆ మిగిలిన నాలుగు రూపాయలకే బాధ్యుడు. 2013 కంపెనీల చట్టం రెండో సెక్షన్ 68వ క్లాజులో ప్రైవేట్ కంపెనీ నిర్వచనం ఉంది. మీకు వీలైనప్పుడు దాన్ని తీసి చదవమని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఒకే నిర్వచనంలో మూడు క్రియలను మూడు వేర్వేరు పనులకు వాడారు. వాటాలను బదిలీ చేసే హక్కును సంస్థ నియమావళి 'రెస్ట్రిక్ట్' చేయాలి, సభ్యుల సంఖ్యను 200కు 'లిమిట్' చేయాలి, వాటాలు కొనమని ప్రజలను పిలవడాన్ని 'ప్రొహిబిట్' చేయాలి. బదిలీ చేయవచ్చు, కానీ షరతులకు లోబడి, అది ఆంక్ష. సభ్యులు ఉండవచ్చు, కానీ ఒక అంకె వరకే, అది పరిమితి. ప్రజలను పిలవడం అసలు కుదరదు, అది నిషేధం. ఈ మూడింటినీ ఒకదానికొకటి మార్చి చూడండి, నిర్వచనం చెడిపోతుంది. ఎక్కడ అంకె ఉంటుందో అక్కడ 'లిమిట్', ఎక్కడ షరతు ఉంటుందో అక్కడ 'రెస్ట్రిక్ట్'. రోజువారీ రాతలో ఇంతకన్నా పనికొచ్చే గుర్తు నాకు దొరకలేదు.

ఎగుమతి వ్యాపారంలో ఉన్నవారికి ఈ తేడా అన్నం పెట్టే తేడా. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ పట్టికల్లో ఒక్కో సరుకు ఎదురుగా 'ఫ్రీ', 'రెస్ట్రిక్టెడ్', 'ప్రొహిబిటెడ్' వంటి మాటల్లో ఏదో ఒకటి ఉంటుంది. 2023 జూలై 20న బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతిని 'ఫ్రీ' నుంచి 'ప్రొహిబిటెడ్'కు మార్చారు. సరిగ్గా రెండు వారాలకు, ఆగస్టు 3న, ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్ల దిగుమతిని 'రెస్ట్రిక్టెడ్' జాబితాలో చేర్చారు. చాలా వార్తల్లో రెండింటికీ 'నిషేధం' అనే ఒక్క మాటే వచ్చింది. ల్యాప్‌టాప్‌ల విషయంలో అది తప్పు. రెస్ట్రిక్టెడ్ అంటే లైసెన్సు తీసుకుని తెచ్చుకోవచ్చు. ఆ ఉత్తర్వు అమలు కూడా మరుసటి రోజే అక్టోబరు 31 వరకు వాయిదా పడింది. బియ్యం విషయంలో మాత్రం తలుపు మూసేశారు. తమ ఆహార భద్రత కోసం అడిగిన దేశాలకు మన ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఓడ కదలలేదు. 2024 సెప్టెంబరు 28న ఆ మాట మళ్లీ 'ఫ్రీ' అయ్యింది, అప్పుడు కూడా కనీస ఎగుమతి ధర అనే షరతుతో. కాకినాడ రేవులో పనిచేసేవారికి ఈ చరిత్ర నేను చెప్పనక్కర్లేదు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, నిషేధం ఉన్న ఆ రోజుల్లో ఒక ఎగుమతిదారు తన విదేశీ ఖాతాదారుకు 'రెస్ట్రిక్టెడ్' అని రాసి ఉంటే, లైసెన్సు తెచ్చి పంపవచ్చు కదా అని అవతలివారు ఒప్పందం పట్టుకుని అడిగే అవకాశం ఉండేది. 'ప్రొహిబిటెడ్' అని రాస్తే మన చేతిలో లేని అడ్డంకి వస్తే బాధ్యత తప్పించే, ఒప్పందంలోని అనివార్య పరిస్థితుల క్లాజు కిందికి వెళ్లే దారి తెరుచుకుంటుంది. విశేషణం ఒక్కటే మారింది, దానితో ఎవరు ఎవరికి బాకీ అన్నది మారిపోతుంది.

2023 జూలైలో బియ్యం నిషేధం వచ్చిన వారంలోనే అమెరికాలో తెలుగువారు సోనామసూరి కోసం కిరాణా దుకాణాల ముందు వరుస కట్టారు. కొన్ని దుకాణాలు కుటుంబానికి ఒక బస్తా అని బోర్డు పెట్టాయి. అది అంకె ఉన్న కట్టడి, అంటే లిమిట్. కొన్నిచోట్ల ధర కూడా పెరిగింది. ధర వల్ల కొనలేని స్థితి వస్తే దానికి వేరే మాట ఉంది, 'ప్రొహిబిటివ్'. కొనవద్దని ఎవరూ చెప్పలేదు, ధరే అడ్డుపడుతోంది. ఇది ధర, ఖర్చు, రవాణా చార్జీల వంటి మాటల పక్కనే ఎక్కువగా ఒదుగుతుంది. దీన్ని 'ప్రొహిబిటరీ'తో కలపకండి. నలుగురు గుమికూడవద్దని మేజిస్ట్రేటు అధికారాలున్న అధికారి ఇచ్చే నిషేధాజ్ఞలు 'ప్రొహిబిటరీ ఆర్డర్స్'. పాత నేర విచారణ స్మృతిలో 144వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త సంహితలో 163వ సెక్షన్. అక్కడ ఒక అధికారి నోరు తెరిచి వద్దన్నాడు. సరుకు రవాణా చార్జీలను 'ప్రొహిబిటరీ' అని రాసిన ఉత్తరాలు నా బల్ల మీదకు తరచూ వస్తుంటాయి. ఓడల సంస్థ ఎవరినీ నిషేధించలేదు, చార్జీ భరించలేనంత ఉంది, అంతే.

ఇక్కడే వచ్చే విభక్తి సమస్య కూడా చూసేద్దాం. 'రెస్ట్రిక్టెడ్' తర్వాత 'టు', 'ప్రొహిబిటెడ్' తర్వాత 'ఫ్రం'. 'టు' తర్వాత వచ్చేది అనుమతించినది, 'ఫ్రం' తర్వాత వచ్చేది వద్దన్నది. ప్రవేశం సిబ్బందికే పరిమితం అంటే 'రెస్ట్రిక్టెడ్ టు స్టాఫ్'. తెలుగులో 'కే పరిమితం' అన్నప్పుడు ఆ 'కే' చేసే పనిని ఇంగ్లీషులో 'టు' చేస్తుంది. 'రెస్ట్రిక్టెడ్ ఫ్రం ఎంటరింగ్' అనే వాడుక ఈమధ్య ఎక్కువైంది, అధికారిక పత్రంలో దాన్ని నేను ఒప్పుకోను. లోపలికి రావద్దనడమే ఉద్దేశమైతే 'ప్రొహిబిటెడ్ ఫ్రం' అని తేల్చి చెప్పాలి. హద్దును ఏ వైపు నుంచి గీశారన్నది చిన్న విషయం కాదు. మన అడవుల చట్టాల్లో 'రిజర్వ్‌డ్ ఫారెస్ట్', 'ప్రొటెక్టెడ్ ఫారెస్ట్' అని రెండు రకాలున్నాయి. రిజర్వ్‌డ్ అడవిలో అనుమతించిన పనులు తప్ప మిగతావన్నీ నిషిద్ధం. ప్రొటెక్టెడ్ అడవిలో నిషేధించిన పనులు తప్ప మిగతావన్నీ చేసుకోవచ్చు. నల్లమల అంచున పశువులు మేపుకునే మనిషికి ఆ రెండు విశేషణాల మధ్య బతుకంత దూరం ఉంది.

'రెస్ట్రిక్షన్' అనే మాట ఎంతవరకు సాగుతుందన్న ప్రశ్న మన సుప్రీంకోర్టు ముందుకే వెళ్లింది. రాగి వ్యాపారులకు సంబంధించిన నరేంద్ర కుమార్ కేసులో, పౌరుల స్వేచ్ఛలను చెప్పే రాజ్యాంగం 19వ అధికరణంలోని 'రెస్ట్రిక్షన్' అవసరమైతే పూర్తి నిషేధం దాకా పోవచ్చని తీర్పు వచ్చింది. ఇది రాజ్యాంగ వ్యాఖ్యానం, దీన్ని పట్టుకుని వ్యాపార ఉత్తరంలో రెండు మాటలనూ ఒకటి చేయకండి. ఆ అధికరణంలోనే ఉన్న 'రీజనబుల్' అనే విశేషణం మాత్రం మీకూ పనికొస్తుంది. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు, భావప్రకటన స్వేచ్ఛపై ఆంక్షలు చెప్పే రెండో క్లాజులో ఆ మాట లేదు. 1951లో మొదటి సవరణ చేర్చింది. వృత్తి, వ్యాపార స్వేచ్ఛ గురించిన ఆరో క్లాజులో మొదటి నుంచీ ఉంది. దాని బలం ఎంతో చింతామన్ రావు కేసు చూపించింది. వ్యవసాయ పనుల కాలంలో కూలీలు దొరకడం లేదని, మధ్యప్రదేశ్‌లోని కొన్ని గ్రామాల్లో ఆ రోజుల్లో బీడీలు చుట్టడాన్నే నిషేధించారు. పొలం పనికి పోలేని ముసలివారు, వికలాంగులు కూడా ఆ నిషేధం కిందికి వచ్చారు. కావలసినదానికన్నా ఎక్కువ బిగించిన ఆంక్ష 'రీజనబుల్' కాదని కోర్టు కొట్టేసింది. మనం 'సహేతుకమైన' అని అనువదిస్తాం. హేతువు ఉంటే చాలదు, ఆ హేతువుకు తగినంతే ఉండాలన్నది కూడా అందులో ఉంది. మీ ఒప్పందంలో 'రీజనబుల్ టైమ్', 'రీజనబుల్ లిమిట్' అని కనిపించినప్పుడల్లా ఇది గుర్తు చేసుకోండి.

మూడో ఎర్రగీత, 'స్ట్రింజెంట్ ఆఫీసర్'. తెలుగులో 'కఠిన' అనే ఒక్క మాట మనకు ఎంత చాకిరీ చేస్తుందో చూడండి. కఠిన చర్యలు, కఠిన నిబంధనలు, కఠిన కారాగార శిక్ష, కఠినమైన మనిషి. ఇంగ్లీషు ఈ పనిని పంచిపెట్టింది. మనిషి 'స్ట్రిక్ట్'. మాస్టారు, తండ్రి, తనిఖీ అధికారి, అందరూ స్ట్రిక్ట్. 'స్ట్రింజెంట్' మనుషులకు వాడరు, నిబంధనలకు, షరతులకు, పరీక్షలకు, ప్రమాణాలకు వాడతారు. కారాగార శిక్ష 'రిగరస్'. శిక్షాస్మృతిలో దానికి అర్థం కూడా చెప్పారు, శ్రమతో కూడినదని. కొనుగోలుదారుకు రాసే ఉత్తరంలో అధికారి స్వభావం ఊసే వద్దు. ఆయన స్ట్రిక్ట్ అయినా కాకపోయినా, ఆలస్యానికి కారణం ఆయన అమలు చేసే ప్రమాణం. కాబట్టి ఆఫీసర్ని తీసేసి ప్రమాణాన్ని పెట్టండి, విశేషణం దానంతట అదే సరిపోతుంది.

ఈ 'స్ట్రింజెంట్' దగ్గర ఇంకో చిక్కు ఉంది, ఐరోపాకు సరుకు పంపేవారికి మరీ ముఖ్యం. అక్కడివారు వరిలో వాడే ట్రైసైక్లజోల్ మందు అవశేషానికి ఉన్న గరిష్ఠ పరిమితిని కిలోకు ఒక మిల్లీగ్రాము నుంచి 0.01 మిల్లీగ్రాముకు తగ్గించారు. 2018 నుంచి మన బియ్యం ఎగుమతిదారులకు అది పెద్ద తలనొప్పి. ఇప్పుడు దీన్ని ఇంగ్లీషులో ఎలా చెబుతారు? ప్రమాణం పెరిగిందంటే 'హైయర్ స్టాండర్డ్'. కానీ పరిమితి అంకె తగ్గింది, అది 'లోయర్ లిమిట్'. నియమం గట్టిపడింది కదా అని 'హైయర్ లిమిట్' అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. ఎక్కువ మందు ఉన్నా ఫరవాలేదు అన్నట్టు అవుతుంది. అంకె పైకా కిందికా అన్న గొడవ లేకుండా 'మోర్ స్ట్రింజెంట్ లిమిట్' అని రాస్తే చదివేవారెవరూ తప్పుగా అర్థం చేసుకోరు. ఆ విశేషణం నాకు ఎంతో ఇష్టమైనది ఈ కారణంగానే.

'స్ట్రిక్ట్'కు న్యాయభాషలో ఒక పై మెట్టు ఉంది. 1868లో ఇంగ్లండులో, ఒకరి జలాశయంలోని నీళ్లు పక్కవారి గనిలోకి పోయిన రైలాండ్స్ కేసులో 'స్ట్రిక్ట్ లయబిలిటీ' సూత్రం వచ్చింది. నిర్లక్ష్యం ఉన్నా లేకున్నా యజమాని బాధ్యుడే, అయితే దైవఘటన వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. 1985 డిసెంబరులో ఢిల్లీలో ఓలియం వాయువు లీకైన తర్వాత ఎం.సి. మెహతా కేసులో మన సుప్రీంకోర్టు, ప్రమాదకర పరిశ్రమలకు ఆ మినహాయింపులు కూడా లేవని చెప్పింది. దాన్నే 'అబ్సల్యూట్ లయబిలిటీ' అంటున్నాం. 2020 మే 7న విశాఖపట్నంలో స్టైరీన్ అనే రసాయన వాయువు లీకైనప్పుడు, జాతీయ హరిత ట్రైబ్యునల్ తొలి ఉత్తర్వులో 'స్ట్రిక్ట్' అనే మాట ఉండటంతో, అక్కడ 'అబ్సల్యూట్' ఉండాలి కదా అని న్యాయవాదులు చర్చించారు. ఆ చర్చ అవసరమైనదే. ఒక విశేషణం మినహాయింపులకు తలుపు తెరిచి ఉంచుతుంది, ఇంకొకటి మూసేస్తుంది. పన్నెండు మంది ప్రాణాలు పోయిన చోట ఆ తేడాను పట్టించుకోకపోవడం అన్యాయం.

మీరు అడగకపోయినా 'ఎక్స్‌క్లూజివ్' గురించి చెప్పకుండా వదలలేను. మీ అమ్మకపు ఒప్పందాల చివర, వివాదం వస్తే ఏ ఊరి కోర్టుకు వెళ్లాలో చెప్పే క్లాజు ఉంటుంది. 1989లో ఏబీసీ లామినార్ట్ కేసులో, ఒప్పందంలో వివాదాలు గుజరాత్‌లోని కైరా న్యాయపరిధికి లోబడి ఉంటాయని మాత్రమే రాశారు. 'ఓన్లీ', 'అలోన్', 'ఎక్స్‌క్లూజివ్' వంటి మాట లేదు. అందువల్ల తమిళనాడులోని సేలంలో దావా వేయడం కుదురుతుందని సుప్రీంకోర్టు తేల్చింది. 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసు వచ్చేసరికి, ఆ మాటలు లేకపోయినా ఒక ఊరి పేరు రాశారంటే మిగతా ఊళ్లను వద్దనుకున్నట్టే అని చెప్పింది. ఇప్పుడు చట్టం అనుకూలంగా ఉంది కదా అని ఆ విశేషణాన్ని వదిలేసేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఒక్క పదం రాసి ఉంటే సుప్రీంకోర్టు దాకా వెళ్లే పనే లేదు. 'ఎక్స్‌క్లూజివ్ జ్యూరిస్డిక్షన్' అని రాయండి. ఏజెన్సీ ఇచ్చేటప్పుడు మాత్రం ఈ మాటను ఆచితూచి వాడండి. 'సోల్ ఏజెంట్' అంటే ఆ దేశంలో వేరే ఏజెంటును పెట్టరు, మీరు స్వయంగా అమ్ముకోవడం మిగిలి ఉంటుంది. 'ఎక్స్‌క్లూజివ్' అంటే సాధారణంగా మీరు కూడా అమ్మకూడదని తీసుకుంటారు. ఆ దేశంలో మీకు నేరుగా కొనే పాత ఖాతాదారు ఉంటే, ఒక్క విశేషణంతో అతన్ని పోగొట్టుకుంటారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 'ఫైనైట్' అంటే ఎప్పటికైనా అయిపోయేది, తక్కువని కాదు. బొగ్గు నిల్వలు అపారంగా ఉన్నా ఫైనైట్. 'కన్‌ఫైన్డ్' ఒక చోటుకే చెందిన కట్టడి, జబ్బు ఒక జిల్లాకే పరిమితమైనప్పుడు సరిగ్గా నప్పుతుంది. 'నారో' అర్థానికి, ఆధిక్యానికి, పరిధికి వాడతారు, సరుకు పరిమాణానికి వాడరు. ముందు 'వెరీ' పెట్టాలనిపిస్తే ఆగి చూసుకోండి. 'వెరీ లిమిటెడ్' సరే, పరిమితికి హెచ్చుతగ్గులు ఉంటాయి. 'వెరీ అబ్సల్యూట్', 'వెరీ ప్రొహిబిటెడ్' కుదరవు, ఎందుకంటే మూసిన తలుపును ఇంకాస్త మూయలేం. 'వెరీ ఎక్స్‌క్లూజివ్' అంటే అర్థమే మారి, డబ్బున్నవారి క్లబ్బు గుర్తుకొస్తుంది.

కామా సంగతి కూడా హద్దులకు సంబంధించినదే. 'తేమ తగిలిన బస్తాలను వెనక్కి పంపుతాం' అని తెలుగులో అంటే, తేమ తగిలిన కొన్ని బస్తాలా, లేక బస్తాలన్నిటికీ తేమ తగిలిందా అన్నది సందర్భం చెప్పాలి. ఇంగ్లీషు రాతలో ఆ పని కామా చేస్తుంది. 'విచ్' ముందు కామా ఉంటే అన్ని బస్తాలూ తడిశాయి, అన్నీ వెనక్కి వస్తాయి. కామా లేకుండా రాస్తే తడిసినవి మాత్రమే. ఈ రెండో రకం ఉపవాక్యాన్ని వ్యాకరణంలో 'రెస్ట్రిక్టివ్' అంటారు, మొత్తం బస్తాల్లో కొన్నిటికే హద్దు గీస్తుంది కాబట్టి. మీ నాణ్యత క్లాజుల్లో ఈ కామాలను ఒకసారి వెతికి చూసుకోండి. కనీసం ఒకచోట అయినా అక్కర్లేని కామా దొరుకుతుందని నా నమ్మకం.

ఇక మీ చివరి పేరా. 'కన్‌స్ట్రెయిన్డ్'కు రెండు వాడుకలున్నాయి. 'బడ్జెట్ కన్‌స్ట్రెయిన్డ్' వంటి చోట్ల వనరుల కొరత. 'కన్‌స్ట్రెయిన్డ్ టు' అని క్రియతో కలిపితే 'గత్యంతరం లేక' అని అర్థం. మన కార్యాలయాల్లో, కోర్టుల్లో ఈ రెండోది బాగా పాతుకుపోయింది. బాకీదారుకు ఆఖరి నోటీసు ఇచ్చేటప్పుడు, ఇక చట్టపరమైన చర్య తీసుకోక తప్పడం లేదు అని చెప్పడానికి అది సరైన మాట. అందులో బెదిరింపు ధ్వని ఉంది. మీరు ఆలస్యానికి మన్నించమని అడుగుతున్నారు, మరో పది రోజులు గడువు కోరుతున్నారు. అడిగేవారి నోట ఆ మాట రాకూడదు. ఆ వాక్యం తీసేసి, పరీక్ష ఫలితం ఏ తేదీకి వస్తుందో, ఓడ ఏ తేదీకి బయలుదేరుతుందో రాయండి. పైన ఆఫీసర్ బదులు 'మోర్ స్ట్రింజెంట్ రెసిడ్యూ లిమిట్స్', రెస్ట్రిక్టెడ్ రూల్స్ బదులు ఆ నిబంధన పేరూ అంకే, స్టాక్ గురించిన వాక్యం పూర్తిగా కొట్టివేత. మారిన ఉత్తరం మేనేజరుకు చూపించాక, ఇంకా ఎక్కడైనా గీత పడితే ఆ వాక్యం యథాతథంగా ఇక్కడ పెట్టండి, చూస్తాను.